రెండోసారి తాగించిన తీపినీళ్ళు

ఎదుటి మనిషిని అడగడానికి నోరు రాని వస్తువు ఒకటే ఉంది, వాళ్ళ మూత్రం. చేబదులు అడగొచ్చు, స్కూటరు అడగొచ్చు, మొహమాటం చంపుకుంటే పెళ్ళికి నగ కూడా అడగొచ్చు. "అన్నా, రేపు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాక ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు ఈ డబ్బాల పట్టి, ఒక్క చుక్క పోకుంట నాకియ్యాలె" అని ఓ పెద్దమనిషి గుమ్మంలో నిలబడి అడిగి చూడండి. నేను మొదటిసారి అడిగినప్పుడు ఆయన నా వెనకాల ఎవరైనా కెమెరా పట్టుకుని దాక్కున్నారేమోనని తొంగి చూశాడు.

ఫీల్డు పనిలోకి కొత్తగా దిగే పిల్లలు అప్పుడప్పుడు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకు నేను ఈ ఒక్క సంగతే చెప్తాను. ఇందులో సలహా ఉందో లేదో వాళ్ళే తేల్చుకోవాలి.

నాచారం పారిశ్రామికవాడలో, బిస్కెట్ల వాసనా మందుల వాసనా ఒకదాన్నొకటి తోసుకునే వీధిలో మా పరిశోధనశాల ఉండేది. పరీక్షలకు మనుషుల్ని ఒప్పించి తీసుకురావడం నా ఉద్యోగం. నేను పెరిగింది ఉప్పల్‌లో, మా నాన్న కిరాణా దుకాణంలో. పెదనాన్నది ఇనుప సామాను, మేనమామది బట్టలు. మా ఇళ్ళలో పిల్లలకు మాటలకన్నా ముందు బేరం వస్తుంది. ఇంత గొప్ప వంశంలో పుట్టీ, ఉద్యోగంలో చేరిన రోజు నేను అడిగిన జీతం మేడం ఇద్దామనుకున్న దానికన్నా తక్కువని తర్వాత తెలిసింది. ఆమె వెంటనే ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మేడం అంటే మా శాస్త్రవేత్త. గోదావరి వైపు మనిషి. 'అండీ' తగిలించకుండా ఎవరినీ పిలవలేరు. బోనులో ఎలుకతో కూడా "కాస్త జరగండీ" అనేవారు.

ఆమె పరిశోధన పేగు గోడ మీద. చక్కెర జబ్బు, కాలేయానికి కొవ్వు పట్టడం, నడుం చుట్టూ ఒళ్ళు రావడం ఇవన్నీ తిండి వల్లా, కదలిక లేకపోవడం వల్లా, వంశం వల్లా అనుకుంటాం. అదీ నిజమే. వాటితోపాటు పేగు గోడ కూడా ఓ చెయ్యి వేస్తోందా అన్నది ఆమె ప్రశ్న. ఆ గోడకు ఉన్నది ఒకే వరస కణాలు. వాటి మధ్య అతుకులు సడలితే పేగులో ఉండే సూక్ష్మజీవుల ముక్కలు రక్తంలోకి జారుకుంటాయి. ఒళ్ళు వాటిని చూసి ఊక పొయ్యిలా లోలోపల రగులుతుంది. ఆ సెగలో ఇన్సులిన్ చెప్పే మాట కండరాలకూ కాలేయానికీ సరిగ్గా ఎక్కదు. గోడ సడలితే జబ్బు వస్తుందా, జబ్బు వస్తే గోడ సడలుతుందా అని నేనోసారి అడిగాను.

"అదే తెలిస్తే ఇంత పొద్దున్నే ఎందుకొస్తానండీ?" అన్నారు మేడం.

పరీక్ష మాత్రం నాకు మా దుకాణం భాషలో అర్థమైంది. గోనెసంచిలో ఆవాలు పోస్తే, సంచి ఎంత మంచిదైనా నాలుగు గింజలు రాలతాయి. కందిపప్పు రాలదు. నేల మీద కందిపప్పు కూడా కనిపించిందంటే నేత వదులైందన్నమాట. పరగడుపున రెండు రకాల చక్కెరలు కలిపిన నీళ్ళు తాగిస్తాం. మానిటాల్ అనే చిన్న చక్కెర ఆవగింజ లాంటిది, పేగు బాగున్నా కొంత దాటుతుంది. రెండోది పెద్దది, కందిపప్పు. అతుకులు సడలితేనే అది ఎక్కువగా దాటుతుంది. దాటినవి ఒంట్లో ఖర్చు కాకుండా మూత్రంలో వచ్చేస్తాయి. ఆవాలతో పోలిస్తే పప్పు ఎంత రాలిందో చూస్తే సంచి సంగతి బయటపడుతుంది. అందుకే ఆ డబ్బాలు, అందుకే ఒక్క చుక్క పోకూడదన్న పట్టుదల.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పరీక్షలు ముందే అయిపోయాయి. ఇక కావాల్సింది చక్కెర జబ్బున్నవాళ్ళు. రామంతాపూర్ చెరువు దగ్గర పొద్దున్నే నడిచే గుంపు ఒకటి ఉండేది. తమకు తామే 'షుగర్ బ్యాచ్' అని పేరు పెట్టుకున్నారు. దాని నాయకుడు రిటైరైన బస్సు కండక్టరు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన భార్య నాకు వదిన, ఆమె కూడా నన్ను వదినా అనే పిలిచేది. ఆమెకూ షుగరే, చాలా ఏళ్ళ నుంచి. ఎవరి నోరైనా ఖాళీగా కనబడితే చూడలేని మనిషి. ఈ ఇద్దరూ ఒప్పుకుంటే గుంపంతా ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్నారు.

వాళ్ళ గల్లీలోని కమ్యూనిటీ హాల్లో పరీక్ష పెట్టాం. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం దాకా టీ, టిఫిను ముట్టొద్దనీ, మంచినీళ్ళు తాగొచ్చనీ, తీపి అసలే వద్దనీ మేడం చెప్పారు. నేను గుమ్మం దగ్గర డబ్బాలకు చీటీలు అంటిస్తూ కూర్చున్నాను. అంతా సాఫీగా జరిగిపోయింది. అంత సాఫీగా జరిగినందుకైనా నేను భయపడాల్సింది.

ఫలితాలు వచ్చిన రోజు మా ల్యాబు టెక్నీషియన్ కుర్చీలోంచి ఎగిరి నిలబడ్డాడు. ఇతనిది కూడా ఉప్పలే, నన్ను అక్కా అనేవాడు. షుగర్ బ్యాచ్ పేగులు ఆరోగ్యవంతుల పేగులకన్నా గట్టిగా ఉన్నాయట! కొంచెం కాదు, ఇనుప డబ్బాల్లా ఉన్నాయట.

"మేడం, ప్రపంచమంతా ఒక తీరు, మన రామంతాపూర్ ఒక తీరు!" అన్నాడు.

మేడం కాగితాన్ని తిప్పి చూశారు, మళ్ళీ తిప్పి చూశారు. "ఇంత మంచి వార్త నిజం కాదండీ" అన్నారు.

ఆ మాట నాకు మా నాన్న అన్నట్టే వినిపించింది. అనుకున్నదానికన్నా లాభం ఎక్కువ కనిపిస్తే సంతోషపడకముందు తక్కెడ చూసుకొమ్మనేవాడు. ఇక్కడ తక్కెడ టెక్నీషియన్ చేతిలో ఉంది. పొడులు తూచింది అతనే. "నువ్వేమన్న మానిటాల్ ఎక్కువ తూచినవా తమ్మీ?" అని నేను మామూలుగానే అడిగాను. మామూలుగా అడిగితే కూడా దొంగలెక్క అడిగినట్టు ఉండటం మా వంశంలో గుణం.

"నా తూకం మీద శక్ చేస్తున్నవా అక్కా?" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను గదిలోకి వస్తే ఫ్రిజ్ తెరిచి అందులో తల పెట్టేవాడు.

ఈ లోపల గడువు మీదికొస్తోంది. ఈ పరిశోధనకు డబ్బిచ్చే సంస్థ తరఫున సమీక్షకులు రాబోతున్నారు. వాళ్ళు వచ్చేసరికి షుగర్ బ్యాచ్ లెక్కలు సరిగ్గా ఉంటే మిగతా పని సాగుతుంది, లేకపోతే అక్కడితో మూత. మేడం ఎన్నో ఏళ్ళుగా కూడబెట్టిన పని అది. ఆమె రిటైరయ్యేలోపు ఇంకొకటి మొదలుపెట్టే వీలు లేదు. ఆ దిగులు ఆమె పైకి చెప్పలేదు కానీ ఆ వారం ఎలుకల్ని కూడా 'అండీ' అనడం మానేశారు.

ఒకరోజు కండక్టరన్న ఇంట్లో మరిచిపోయిన గొడుగు తెచ్చుకోడానికి వెళ్ళాను. వదిన గొడుగుతోపాటు నా గుప్పిట్లో పిప్పరమెంటు బిళ్ళల పట్టీ ఒకటి పెట్టింది. "తీస్కో వదినా. ఆరోజు హాల్ల పంచంగ మిగిలినయి" అంది. ఒకటి నోట్లో వేసుకున్నాను. బాగుంది. మిగిలినవి టెక్నీషియన్‌కు ఇచ్చి రాజీ పడదామనుకున్నాను. ఉచితంగా దొరికిన దానితో రాజీ కుదరడం కన్నా మంచి బేరం ఏముంటుంది?

ఫ్రిజ్ వెనక నుంచి అతని చెయ్యి మాత్రం బయటికొచ్చింది. పట్టీ తీసుకుంది. తర్వాత తల బయటికొచ్చింది.

"అక్కా, ఇవి ఎక్కడియి?"

"షుగర్ బ్యాచ్ వదినియ్యి. ఆరోజు హాల్ల అందరికి పంచిందంట."

"తాగినంకనా?"

"తాగినంకనే కావచ్చు. నోరు బంకబంకగ ఉంటది గద."

అతను పట్టీ వెనక సన్నక్షరాల మీద వేలు పెట్టి, వేలు తీయకుండానే మేడం గదికి పరుగెత్తాడు. నేనూ పరుగెత్తాను, ఎందుకో తెలియకుండానే. మేడం కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుని చదివారు. షుగర్ లేని బిళ్ళ. తీపి కోసం అందులో కలిపింది మానిటాల్!

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. తీపి తినొద్దని చెప్తే, చెప్పిన మాట తుచ తప్పకుండా పాటించి, షుగర్ లేని బిళ్ళలు చప్పరించారు వాళ్ళు. ఒకటి కాదు, మధ్యాహ్నం దాకా. మేం సంచి కింద రాలిన ఆవాలు లెక్కపెడుతుంటే పక్కనుంచి వదిన గుప్పిళ్ళతో ఆవాలు చల్లింది. ఆవాలు అన్ని కనబడుతుంటే పప్పు ఎంత రాలినా తక్కువే అనిపిస్తుంది, చిల్లు సంచి కూడా కొత్త సంచే.

మొదట నవ్వింది మేడం. అంత నెమ్మది మనిషి బల్ల మీద తల ఆనించి, భుజాలు కదిలేలా నవ్వారు. టెక్నీషియన్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. "నా తూకం కరెక్ట్! నా తూకం కరెక్ట్!" అని అరుస్తూనే ఉన్నాడు. నవ్వు అయిపోయాక మేడం కళ్ళు తుడుచుకుని, "అందరూ మళ్ళీ తాగాలి" అన్నారు.

నవ్వు ఠక్కున ఆగింది. ఎందుకంటే ఈ బేరంలో నా చేతిలో ఏమీ లేదు. దారిఖర్చూ, అయ్యాక టిఫినూ తప్ప పరీక్షకు వచ్చినవాళ్ళకు ఏదీ ఇవ్వకూడదు. ఆశపెట్టి ఒప్పించినట్టు సమీక్షకులకు అనుమానం వచ్చినా పని మూతే. సరుకు లేదు, తగ్గింపు లేదు, కొసరు లేదు. ఉత్త నోటితో బేరానికి వెళ్ళడం మా వంశంలో నాతోనే మొదలు.

మర్నాడు పొద్దున చెరువు దగ్గర గుంపును పట్టుకున్నాను. వదిన ఆరోజు నడకకు రాలేదు. అదే నయమనుకున్నాను. ఆమె బిళ్ళల సంగతి నలుగురిలో చెప్పి చిన్నబుచ్చడం నాకిష్టం లేదు. అందుకని "చిన్న పొరపాటు జరిగింది, ఇంకోసారి తాగాలె" అని మాత్రం అన్నాను.

"మల్ల తాగాల్నా? ఆ పాకం?" అన్నాడు కండక్టరన్న. "చెల్లె, ఒక టికెట్‌కు ఒక్కటే ప్రయాణం. మేం దిగిపోయినం."

"ఇంటికి పోయినంక కడుపుల గుడగుడ, గుడగుడ. మా కోడలు బోరు వేస్తున్నరా అనడిగింది" అన్నాడు ఇంకో పెద్దాయన.

"పొరపాటు మీది. తాగుడు మాది. గిదేం లెక్క?"

"మేడం ఎప్పుడన్న తాగిందా? తాగిపిచ్చుడే గాని!"

మాట మాటకూ నవ్వులు. నేను ఆఖరి అస్త్రం తీశాను. దుకాణంలో చూసి చూసి నేర్చుకున్నదే. బేరం కుదరనప్పుడు "సరే, మీ ఇష్టం" అని కొట్టు దిగి వెళ్ళిపోవాలి. నెమ్మదిగా వెళ్ళాలి. నాలుగడుగులు వేసేసరికి వెనకనుంచి పిలుపు వస్తుంది. ఎంత గట్టి వ్యాపారికైనా ఆ వీపు చూస్తే గుండె కరుగుతుంది.

"సరే అన్నా, మీ ఇష్టం" అని తిరిగాను. నెమ్మదిగా నడిచాను. పిలుపు రాలేదు. ఇంకా నెమ్మదిగా నడిచాను. చెప్పు సరిచేసుకున్నట్టు వంగాను. చెరువులో కొంగను చూసినట్టు నిలబడ్డాను. చివరికి షేర్ ఆటోల అడ్డా దాకా వచ్చేశాను. ఓ ఆటోవాడు మాత్రం ఎంతో ప్రేమగా పిలిచాడు, "ఉప్పల్, ఉప్పల్! ఒక్క సీటే ఉంది అక్కా!"

వెనక్కి తిరిగి చూస్తే షుగర్ బ్యాచ్ చేతులూపుకుంటూ రెండో చుట్టు నడుస్తోంది.

ఆటో ఎక్కలేదు. తిన్నగా కండక్టరన్న ఇంటికి వెళ్ళాను. వదిన బియ్యం ఏరుతోంది. బేరం మాటలన్నీ అయిపోయాయి కనక ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సంచి, ఆవాలు, పప్పు, బిళ్ళలు. పరిశోధన ఆగిపోయేలా ఉందనీ, మేడం నోట 'అండీ' కూడా పోయిందనీ చెప్పాను. వదిన చేతిలో బియ్యం అలాగే ఆగాయి.

"నా బిళ్ళల తోటా?"

"నీ తప్పేం లేదు వదినా. షుగర్ లేనియి కూడా తినొద్దని మేమే చెప్పలే."

ఆమె మొహం ఒక క్షణం ఎర్రబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ చేటలో బియ్యం నేల మీదికి ఎగిరాయి. "ఓరి నాయనో! నేను బిళ్ళలు పంచితె మా ఆయన పేగు సుత ఇనుమైందా! ఆయనకు మజ్జిగ తాగితెనే పడదు గదనే!" అని నడుం పట్టుకుని నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి చెప్పులేసుకుంది.

"పంచింది నేను. పిలిచేది నేను. మేడం గూడ మా తోటి తాగాలె, గదొక్కటి ఒప్పియ్యి. అందరు గదే అంటున్నరు. ఆమె తాగినంక తాగనని ఎవడంటడో సూస్త."

ఫోన్‌లో చెప్తే మేడం ఒక్క క్షణం ఆలోచించారు. "నాది లెక్కలోకి తీసుకోకూడదు. తాగడానికేముందండీ?" అన్నారు. 'అండీ' తిరిగి వచ్చింది.

రెండోసారి పరీక్ష కార్తీకమాసంలో పడింది. చలికి మామూలు మనిషికే మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుంది, వచ్చినవాళ్ళంతా షుగరోళ్ళు, హాలుకు ఉన్నది ఒకటే బాత్రూమ్. మొదటిసారి వెనకింటివాళ్ళు తమది వాడుకోనిచ్చారు. ఈసారి వాళ్ళింటికి తాళం. గ్లాసులు ఖాళీ అయిన కాసేపటికే గుమ్మం దాకా వరస. టెక్నీషియన్ చేతులు జోడించి "ఆపుకోండి, కింద పోనియ్యకండి" అని వేడుకుంటున్నాడు. కండక్టరన్న చూసి చూసి, లుంగీ ఎగ్గట్టి రంగంలోకి దిగాడు. ఉద్యోగం చేసిన రోజుల గొంతు ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"దిగెటోల్లు దిగినంకనే ఎక్కెటోల్లు! డబ్బ లేకుంట లోపలికి పోవద్దు! అర్జెంటున్నోల్లు ముందుకు జరగాలె, లేనోల్లు ఎనకకు జరగాలె! ఓ మేడం, నిలబడ్డరేంది? లేడీస్‌కు దారియ్యుండ్రి!"

మేడం డబ్బా కొంగు కింద దాచుకుని, తలొంచుకుని, చిన్నపిల్లలా నవ్వుతూ ముందుకు నడిచారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఎన్నో సభల్లో ఉపన్యాసాలిచ్చిన మనిషికి అంతగా చప్పట్లు పడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకొంచెం ఓపిక పడితే మధ్యాహ్నం గడువు తీరిపోతుందనగా గుమ్మంలో పక్క వీధి దంపతులు కనిపించారు. పొద్దున్నే కీసర గుట్టకు పోయి దర్శనం చేసుకుని వస్తున్నారట. హాల్లో ఇంతమంది కూర్చుని ఉండటం చూసి, ఎవరింట్లోనో శుభకార్యం అనుకుని, ప్రసాదం గిన్నెతో లోపలికి వచ్చేశారు. లడ్డూ, పులిహోర. గిన్నె మూత తీయగానే పొద్దున్నుంచి మంచినీళ్ళతో కూర్చున్న వాళ్ళందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. అప్పటికే అరచేతులు చాచుకున్నాయి.

టెక్నీషియన్ నా వైపు చూశాడు. మేడం నా వైపు చూశారు. దేవుడితో బేరం ఎక్కడ మొదలుపెట్టాలో మా నాన్న నాకు నేర్పలేదు. "ఇప్పుడు వద్దన్నా, జరసేపు..." అన్నాను.

"ప్రసాదం వద్దనొద్దు చెల్లె. పాపం తగుల్తది" అన్నాడు కండక్టరన్న. ఆ గొంతులో వేళాకోళం లేదు.

వదిన కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆమె గిన్నె పట్టుకున్న దంపతుల పక్కకు వెళ్ళి నిలబడింది.

"వద్దని ఎవలన్నరు? అందరు తీస్కోండ్రి. కండ్లకద్దుకోండ్రి. ఆడోళ్ళు కొంగుల ముడేసుకోండ్రి, మొగోళ్ళు దస్తీల కట్టుకోండ్రి. తినుడు మాత్రం మేడం చెప్పినంక. దేవుడు యాడికి పోడు, ఈన్నే ఉంటడు." అని ఆగి, "ఓ పెద్దయ్యా! నోరు మూయి, ముందు నోరు మూయి!" అంది.

పెద్దయ్య నోరు మూశాడు. వేళ్ళ మధ్య లడ్డూ అలాగే ఉంది. వదిన దాన్ని తీసి ఆయన దస్తీలో కట్టి జేబులో పెట్టింది. తర్వాత ఒక్కొక్కరి ముడి పట్టుకుని బిగించి చూసింది. మేడం కొంగు ముడి కూడా. "వదులుగున్నది మేడం" అని తనే మళ్ళీ వేసింది.

గడువు తీరింది అని మేడం చెప్పగానే హాల్లో ముడులు విప్పుకునే గోల చూడాలి. పులిహోర మెతుకులు డబ్బాల చీటీల మీద పడ్డాయి. ఎవరి లడ్డూ ఎవరి నోట్లోకి పోయిందో తెలియదు. టెక్నీషియన్ తన వంతు లడ్డూ సగం విరిచి, అడక్కుండానే నా చేతిలో పెట్టాడు.

ఈసారి లెక్కలు నమ్మదగ్గట్టే వచ్చాయి. షుగర్ బ్యాచ్‌లో చాలామందికి పప్పు బాగానే రాలింది. అందరికీ కాదు. వదినది అన్నేళ్ళ జబ్బైనా ఆమె సంచి నేత మాత్రం గట్టిగానే ఉంది. చక్కెర జబ్బు ఒక్క దారినే రాదని చెప్పడానికి ఆమె ఒక్కతీ చాలన్నారు మేడం. పేగులు వదులయ్యాయని తెలిసి మేం ముగ్గురం అంత సంబరపడటం ఆ పరిశోధనశాలలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. ఫలితాలు చెప్పినప్పుడు షుగర్ బ్యాచ్ కూడా నవ్వింది గానీ, ఇది పరీక్షే గానీ మందు కాదనీ, మాత్రలు మానొద్దనీ, నడక ఆపొద్దనీ మేడం ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చెప్పారు. కండక్టరన్న ఆ రోజు నుంచి చెరువు చుట్టూ ఇంకో చుట్టు పెంచాడు.

సమీక్షకులు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన హైదరాబాదు మనిషే, తెలుగు బాగానే వచ్చు. కాగితాలన్నీ చూసి తలూపాడు. తర్వాత కళ్ళద్దాల పైనుంచి మేడం వైపు చూశాడు.

"రెండోసారి ఒక్కరు కూడా మానకుండా వచ్చారు. మా అనుభవంలో సగం మంది రావడమే గొప్ప. నేను వీళ్ళతో మాట్లాడాలి" అన్నాడు.

మేడం మొహంలో రంగు తగ్గింది. ఆయన అడిగేది ఏమిటో మాకు తెలుసు. కండక్టరన్ననూ వదిననూ పిలిపించాం. పెద్దాయన మమ్మల్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి, వాళ్ళను కూర్చోమన్నాడు.

"అమ్మా, దాచకుండా చెప్పండి. మళ్ళీ వచ్చినందుకు వీళ్ళు మీకేం ఇచ్చారు?"

వదిన నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఇచ్చుడా?" అంది. ఆమె గొంతు హాల్లో ప్రసాదం రోజున లేచినట్టే లేచింది. "ఏమిచ్చిన్రు సారు! పాకం తాగిపిచ్చిన్రు. డబ్బ చేతికిచ్చిన్రు. ఉన్నది గూడ తీసుకపోయిన్రు. నా బిళ్ళలు నన్ను తిననియ్యలే, దేవుని లడ్డు సుత మూట కట్టిపిచ్చిన్రు. గిట్లాంటి పీనాసోళ్ళను నా జిందగీల సూడలే!"

కండక్టరన్న గంభీరంగా తలూపాడు. "ఒట్టు సారు."

పెద్దాయన పెదాలు బిగబట్టాడు. బిగబట్టిన కొద్దీ భుజాలు కదిలాయి. చివరికి కలం మూత పెట్టి, ఫైలు మూసి, మేడంతో "మిగతా పని కానివ్వండి" అన్నాడు.

వదిన అప్పటికే సంచిలో చెయ్యి పెట్టింది. "తీస్కోండ్రి సారు, షుగర్ లేనిది. మీకేం రూల్ లేదు గద" అంటూ బిళ్ళల పట్టీ ముందుకు చాపింది.

ఆయన రెండు తీసుకున్నాడు.